మూలనపడ్డ గాలిమరను మళ్లీ నిలబెట్టాలంటే: పని నూతిలో మొదలుపెట్టండి

విశాఖపట్నం దగ్గర భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు తోటలున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "తోటలో పాత గాలిమర ఉంది. తుప్పుపట్టి ఏళ్లుగా తిరగడం లేదు. బాగుచేసి నిలబెట్టొచ్చా?"

చాలావరకు నిలబెట్టొచ్చు. చిక్కల్లా పనిని పైనుంచి మొదలుపెట్టడంతోనే వస్తుంది. రెక్కలకు రంగు వేస్తారు, బేరింగుకు గ్రీజు పెడతారు, హైడ్రా (చక్రాల మీద నడిచే చిన్న క్రేన్) పిలిచి టవర్ ఎత్తేస్తారు. చక్రం బాగానే తిరుగుతుంది, తొట్టిలో మాత్రం చుక్క పడదు. అప్పుడు పంపు బయటికి తీయాలంటే పైన తిరిగే చక్రం కింద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పనిచేయాలి. అందుకే ముందు నుయ్యి, తర్వాత పంపు, పునాది, టవర్, తల (టవర్ కొసన చక్రాన్ని, తోకను మోసే భాగం), చివరగా చక్రం. ఈ వరుస తప్పకండి.

ఇక్కడి కొలతలు 9-10 మీటర్ల నాలుగుకాళ్ల టవర్, 3 మీటర్ల చక్రం ఉన్న నీళ్లు తోడే గాలిమరకు సరిపోతాయి. మీది 12 రెక్కలు, 5 మీటర్ల చక్రం ఉన్న 12-పీయూ-500 రకమైతే వరుస ఇదే, కానీ బరువులు, పునాదులు బాగా పెరుగుతాయి. దాన్ని మనుషులతో ఎత్తే ప్రయత్నం వద్దు, క్రేనే పెట్టండి. కరెంటు తయారుచేసే గాలిమరలకు ఈ పద్ధతి పనికిరాదు.

ఖర్చు పెట్టేముందు మూడు సంగతులు చూడండి

ఒకటి, నీళ్ల లోతు. మే నెలాఖరున నూతిలో నీళ్లు ఎంత లోతున ఉంటాయో కొలవండి. వానల తర్వాత కొలిచిన లెక్క పనికిరాదు. ఈ సైజు చక్రానికి 20 మీటర్ల లోపు హాయి. 30 మీటర్లు దాటితే నీళ్లు చాలా తక్కువ వస్తాయి.

రెండు, చెట్లు. చుట్టూ 100 మీటర్లలో ఉన్న ఎత్తైన చెట్టు కంటే చక్రం కనీసం 4-5 మీటర్లు పైన ఉండాలి. పక్క పొలంలో సరుగుడు ఉంటే ఇవాళ్టి ఎత్తు చూసి మోసపోకండి. కోతకొచ్చే నాటికి ఎంత అవుతుందో లెక్కేసుకోండి. చెట్ల వెనక ఉన్న గాలిమర తిరుగుతూనే ఉంటుంది గానీ బరువు లాగదు.

మూడు, కరెంటు తీగలు. టవర్ ఎటు పడినా ఏ లైనుకూ తగలకూడదు. దగ్గర్లో 11 కేవీ లైను ఉంటే, ఎత్తే రోజుకు ఈపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ముందుగా లైన్ క్లియరెన్స్, అంటే ఆ సేపు లైనులో కరెంటు ఆపమని అడగండి. "చూసుకుని ఎత్తుదాం" అనే మాట ఇక్కడ చెల్లదు.

కావలసినవి

బోల్టులన్నీ కొత్తవి, హాట్ డిప్ గాల్వనైజ్ చేసినవి తీసుకోండి. మెరిసే జింక్ ప్లేటింగ్ బోల్టులు సముద్రగాలికి ఎంతోకాలం ఆగవు. 12 మి.మీ. స్టీల్ వైర్ రోప్, ఒక్కో ముడికి 3 చొప్పున యూ-క్లాంపులు, టిర్ఫర్ (చేతిపిడి ఆడిస్తూ వైర్ రోప్‌ను లాగే సాధనం) ఒకటి, 2 టన్నుల చైన్ పుల్లీ ఒకటి. ఒళ్లంతా పట్టే సేఫ్టీ హార్నెస్‌లు రెండు, ఒక్కోదానికి రెండేసి కొక్కేల తాళ్లు. నడుముకు మాత్రమే కట్టే బెల్టు వద్దు. తూకం గుండు (నిలువు చూసే తాడు గుండు), ట్యూబ్ లెవెల్ (మట్టం చూసే నీళ్ల గొట్టం), వెర్నియర్, వైర్ బ్రష్, జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్. యాంగిల్ ముక్కలు, షాఫ్టు లేతు పని గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి. తాళ్లు, కప్పీలకు ఫిషింగ్ హార్బర్ వైపు అడగండి. ఎత్తడానికి పోర్టు, షిప్‌యార్డు పనులు చేసిన కళాసీలు (బరువులు ఎత్తి దించే పనివాళ్లు) ఇద్దరు దొరికితే సగం భయం తీరినట్టే. బరువు ఎటు ఒరుగుతుందో వాళ్లు చూడగానే పసిగడతారు.

1. పంపు పైకి తీసి విప్పండి

పైపులు, రాడ్లు ఒక్కొక్కటే క్లాంపు వేసి పట్టుకుంటూ తీయండి. ఒక్కసారి జారితే సిలిండర్ (పిస్టన్ ఆడే గొట్టం) నూతి అడుక్కి పోతుంది. సిలిండర్ విప్పి లోపల వేలు పెట్టి తడమండి. పొడుగునా గీతలు వేలికి తగిలితే కొత్త వాషర్ వేసినా నెలలోనే అరిగిపోతుంది. ఇసుక వచ్చే నూతుల్లో ఇది మామూలే. గీతలు పడ్డ సిలిండర్ మార్చాల్సిందే.

పిస్టన్‌కు ఉండే తోలు బకెట్ వాషర్లు (గిన్నెల్లా ఉంటాయి) కొత్తవి వేయండి. వేసేముందు ఒక రాత్రంతా నీళ్లలో నాననివ్వండి. ఎండు తోలు బిగిస్తే మొదటి గంటలోనే అంచు మడతపడుతుంది. వాషర్ గిన్నె నోరు పైకి ఉండాలి. తలకిందులుగా వేస్తే పంపు ఆడుతుంది, నీరు ఎత్తదు.

పాత సిలిండర్‌కు విడిభాగాలు దొరక్కపోతే ఇండియా మార్క్ 2 బోరింగు (చేతిపంపు) సామాను వాడొచ్చు. 63.5 మి.మీ. సిలిండర్, 12 మి.మీ. రాడ్లు, 32 మి.మీ. జీఐ పైపు ఉంటాయి. మండలంలో బోరింగులు బాగుచేసే మెకానిక్‌కు అవన్నీ చేతికి అలవాటైనవే. కానీ ఒక కొలత తప్పక చూడండి. బోరింగు స్ట్రోకు (పిస్టన్ ఒకసారి కదిలే దూరం) 125 మి.మీ. మాత్రమే. మీ గాలిమర స్ట్రోకు 200 మి.మీ. అయితే పిస్టన్ వెళ్లి సిలిండర్ మూతకు గుద్దుకుంటుంది. గాలిమర స్ట్రోకుకు పిస్టన్ పొడవు కలిపి, పైన ఇంకో 100 మి.మీ. ఖాళీ ఉండే పొడుగు సిలిండర్ కావాలి.

2. సిలిండర్ సైజు లెక్క చూడండి

"పెద్దది వేస్తే ఎక్కువ నీళ్లు" అనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పిస్టన్ మీద ఉండే నీటి బరువు చూడండి. నీళ్లు 20 మీటర్ల లోతున ఉంటే 63.5 మి.మీ. సిలిండర్ మీద సుమారు 63 కిలోలు, 75 మి.మీ. మీద 88 కిలోలు, 100 మి.మీ. మీద 157 కిలోలు. దీనికి రాడ్ల బరువు ఇంకో 18 కిలోలు కలుస్తుంది. 100 మి.మీ. వేస్తే పొద్దుటి చిరుగాలికి చక్రం కదలనే కదలదు. గట్టిగాలి వచ్చినప్పుడే తిరుగుతుంది, అంటే రోజులో చాలా గంటలు వృథా. 20 మీటర్లకు 63.5 లేదా 75 చాలు. లోతు 8-10 మీటర్లే అయితే 100 గురించి ఆలోచించండి.

75 మి.మీ. సిలిండర్, 200 మి.మీ. స్ట్రోకుతో ఒక్కో ఆటకు (పిస్టన్ ఒకసారి పైకీ కిందికీ ఆడితే) 0.88 లీటరు వస్తుంది. నిమిషానికి 30 ఆటలైతే, కారేది పోను, గంటకు దాదాపు 1,500 లీటర్లు. కూరపాదులకు, కొబ్బరి మొక్కలకు, పశువుల తొట్టికి సరిపోతుంది. వరి మడికి సరిపోదు. ఆ ఆశతో మొదలుపెట్టకండి.

3. టవర్ లేకుండానే పంపును పరీక్షించండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పంపు నూతిలో దించి, నూతి మీద మూడు కర్రల గుంజ వేసి, కప్పీ మీదుగా రాడ్డును ఇద్దరు మనుషులతో ఆడించండి. నీళ్లు పైకొచ్చాక 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని ఆటలు పట్టాయో లెక్కపెట్టండి. 75 మి.మీ. సిలిండర్‌ను పూర్తి 200 మి.మీ. స్ట్రోకుతో ఆడిస్తే 17 నుంచి 19 ఆటల్లో నిండాలి. 25 దాటితే వాషరో, ఫుట్ వాల్వో (సిలిండర్ అడుగున నీరు వెనక్కి జారకుండా ఆపే మూత) కారుతోంది.

తర్వాత అరగంట ఆపి మళ్లీ ఆడించండి. మొదటి రెండు మూడు ఆటల్లోనే నీరు రావాలి. రాకపోతే ఫుట్ వాల్వ్ నీరు నిలపడం లేదు. మళ్లీ పైకి తీయండి. విసుగ్గా ఉంటుంది, అయినా ఇప్పుడైతే ఒక పూట పని. టవర్ నిలబడ్డాక రెండు రోజులు, పైగా ప్రమాదం.

4. పునాది

పాత పునాది నేలను తాకేచోట టవర్ కాళ్లను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. కాంక్రీటులోంచి యాంగిల్ బయటికొచ్చే ఆ 2-3 అంగుళాల్లోనే ముందు తుప్పు తినేస్తుంది. పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల పొరలు పొరలుగా ఊడుతుంది. అలా ఉంటే పాత పునాదిని నమ్మకండి, కొత్తది పోయండి.

ఒక్కో కాలికి 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు గొయ్యి. అడుగున పక్కలకు ఇంకో జానెడు వెడల్పు చేయండి, పైమట్టి బరువు కూడా కాంక్రీటును పట్టి ఉంచుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3. గొయ్యికి సుమారు 10 బస్తాలు, నాలిగింటికి 40, అడుగు వెడల్పుకు మరికొన్ని. ఎర్రమట్టి నేలకు ఇది చాలు. సముద్రం ఒడ్డు ఇసుక నేలైతే గొయ్యి 1.3 మీటర్ల వెడల్పు చేయండి. బీచ్ ఇసుక, ఉప్పునీరు కాంక్రీటులో కలపనివ్వకండి, లోపలి ఇనుము కుళ్లిపోతుంది.

నాలుగు బోల్టుల మధ్య దూరం 2 మీటర్లయితే మూలకు మూల 2.83 మీటర్లు రావాలి. రెండు మూలల కొలతలకు 5 మి.మీ. కంటే తేడా ఉండకూడదు. నాలుగు తలలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో ట్యూబ్ లెవెల్‌తో చూడండి. మేస్త్రి "కంటికి సరిగ్గానే ఉంది" అంటే వినకండి. కింద 5 మి.మీ. ఎక్కువైతే 10 మీటర్ల పైన 25 మి.మీ. వంగుతుంది. కాంక్రీటు నేలకు అరడుగు పైకి లేపి, నీరు జారేలా పైభాగం వాలుగా చెక్కండి. కనీసం 3 వారాలు తడపండి.

వెడల్పాటి నేలనుయ్యి అయితే టవర్ కాళ్లు నూతి ఒర మీద పెట్టకండి, ఒర కూలుతుంది. నూతికి అడ్డంగా ఇనుప దూలాలు వేసి, వాటి కొసలను నేలలోపల కాంక్రీటులో పెట్టాలి. నీళ్లు 6 మీటర్ల లోపే ఉంటే నుయ్యి పక్కనే టవర్ వేసి పీల్చే పంపు పెట్టుకోవచ్చు. అంతకంటే లోతైతే పీల్పు అందదు.

5. టవర్, తల

యాంగిళ్లను వైర్ బ్రష్‌తో గీకి, వెర్నియర్‌తో మందం కొలవండి. 6 మి.మీ. యాంగిల్ 4.5 కి దిగితే మార్చండి. సుత్తితో కొడితే ఖంగుమనాలి, మొద్దు చప్పుడొస్తే అక్కడ గీకి చూడండి. వెల్డింగ్ చేసిన చోట గాల్వనైజింగ్ కాలిపోతుంది కాబట్టి జింక్ ప్రైమర్ రెండు పూతలు వేయాలి. ఒట్టి రెడాక్సైడ్ ఈ గాలికి నిలబడదు.

గేరు పెట్టె ఉన్న రకమైతే పాత ఆయిల్ వంపండి. పాలలా తెల్లగా ఉంటే పైమూత నుంచి వాననీరు దిగుతోందని అర్థం. కిరోసిన్‌తో కడిగి, పళ్లు చూసి, పలచటి మినరల్ ఆయిల్ (ఐఎస్‌ఓ 32 రకం) పోయండి. లారీ గేరు ఆయిల్ 90 పోయకండి, చిక్కదనం వల్ల పై బేరింగుకు అందదు. గేర్లు లేని క్రాంక్ రకానికి లిథియం గ్రీజు చాలు.

చక్రం బిగించి అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. అంచు దగ్గర 15 మి.మీ. కంటే ఎక్కువ ఆడితే బేరింగు అరిగిపోయింది. చక్రాన్ని చేత్తో తిప్పి వదలండి. ప్రతిసారీ అదే రెక్క కిందికొచ్చి ఆగితే అటు బరువెక్కువ. ఎదురువైపు ఇనుప వాషర్లు బిగించి సరిచేయండి. రెక్కల గిన్నెవైపు గాలికి ఎదురుగా ఉండాలి. ఒక రేకు ముక్కను అచ్చుగా కోసి అన్ని రెక్కల వాలూ ఒకటేనో కాదో చూసుకోండి.

తోకను, బ్రేకును మాత్రం నేలమీదే పదిసార్లు పరీక్షించాలి. కింది చేతిపిడి లాగితే తోక మడతపడి చక్రం పక్కకు రావాలి, బ్రేకు పట్టీ హబ్బును (చక్రం నడిమి భాగాన్ని) బిగించాలి. ఆ స్థితిలో ఇద్దరు మనుషులు చక్రం తిప్పబోతే కదలకూడదు. వదిలితే స్ప్రింగు తోకను యథాస్థానానికి తేవాలి. ఇది పనిచేయని గాలిమరను పైకి ఎత్తకండి.

6. ఎత్తడం

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య తెల్లవారుజామును ఎంచుకోండి. కొబ్బరి మట్టలు కదులుతుంటే ఆ రోజు మానేయండి. ఏప్రిల్ తర్వాత పది దాటితే సముద్రగాలి లేస్తుంది. టవర్ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం వరకు పనివాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని, కుక్కల్ని కూడా పంపేయండి.

దారి ఉంటే హైడ్రా పెట్టడమే మంచిది. టవర్ బరువు మధ్యస్థానం కంటే బాగా పైన బెల్టు వేసి ఎత్తితే అది నిలువుగా వేలాడుతుంది. మధ్యలో కడితే తలకిందులవుతుంది.

హైడ్రా దిగని తోటైతే ఇలా చేయండి:

టవర్‌ను పడుకోబెట్టి రెండు కాళ్లను పునాది బోల్టులకు మడతబందులా బిగించండి. ఆ కాళ్ల దగ్గర 4 మీటర్ల జీఐ పైపు పోల్ నిలబెట్టి, పోల్ కొస నుంచి ఒక వైర్ రోప్ టవర్ పైభాగానికి, మరొకటి ఎదురువైపు టిర్ఫర్‌కు కట్టండి. 400 కిలోల టవర్‌కు మొదటి లాగుడు 400-500 కిలోలు ఉంటుంది. పోల్ 2 మీటర్లే పెడితే అది రెట్టింపవుతుంది. టవర్ నేల విడిచే క్షణమే అన్నిటికంటే భారం. అడుగెత్తు లేవగానే ఆపి, ప్రతి క్లాంపూ ప్రతి ముడీ చూడండి. యూ-క్లాంపులో సీటు భాగం బరువు లాగే తాడు వైపు, యూ భాగం తెగిన కొస వైపు ఉండాలి. ఇది తిరగేసి బిగిస్తే తాడు నలిగి జారుతుంది.

వెనకవైపు ఇంకో తాడు కట్టి, ఇద్దరు దాన్ని మెల్లగా వదులుతూ ఉండాలి. అది లేకపోతే టవర్ నిలువు స్థితి దాటగానే తన బరువుతోనే అటువైపు పడిపోతుంది. ఎక్కువ ప్రమాదాలు సరిగ్గా ఈ చోటే జరుగుతాయి. పక్కలకు కూడా చెరో తాడు వేయండి. ట్రాక్టర్‌ను కదలకుండా నిలిపి దానికి టిర్ఫర్ కట్టొచ్చు గానీ, ట్రాక్టర్‌తో లాగొద్దు. క్లచ్ ఒక్క కుదుపు చాలు.

టవర్ ఒక్కటే ముందు లేపండి. నాలుగు కాళ్లు బిగించి రెండు వైపుల నుంచి తూకం గుండు వేసి చూడండి. పైన ఒరిగితే తల తానంతట తానే ఒకవైపు తిరిగిపోతుంది. ఆ తర్వాత చిన్న పోల్, చైన్ పుల్లీతో తలను, తోకను, చివరగా చక్రాన్ని భాగాలుగా ఎక్కించండి. తల ఎక్కగానే బ్రేకు వేసి, చక్రాన్ని తాడుతో టవర్‌కు కట్టేయండి. కట్టని చక్రం దగ్గర ఎవరూ నిలబడకూడదు.

7. రాడ్డు కలపడం

తల నుంచి దిగే రాడ్డులో ఒక 2 మీటర్ల ముక్క చెక్కదై ఉండాలి. నేరుగా చార ఉన్న టేకు తీసుకోండి. పంపు బిగిసిపోతే ఆ చెక్క విరగాలి. దాని బదులు ఇనుప రాడ్డు వేస్తే గేరు పళ్లు విరుగుతాయి. "మాటిమాటికీ విరుగుతోంది" అని ఇనుము వేసేవాళ్లున్నారు. చెక్క విరుగుతుంటే నూతిలో ఏదో పట్టేస్తోందని అర్థం, అది చూడండి.

స్ట్రోకు అడుగుకొచ్చినప్పుడు పిస్టన్ ఫుట్ వాల్వ్‌కు తగలకుండా 40-50 మి.మీ. ఖాళీ ఉండేలా పొడవు సరిచేయండి. తగిలితే రాడ్డు పట్టుకున్న చేతికి టక్‌మని తెలుస్తుంది.

8. మొదటిసారి వదలడం

తేలికపాటి గాలిలో బ్రేకును కొద్దికొద్దిగా వదిలి పావుగంట చూడండి. నిమిషానికి ఎన్ని ఆటలో, బకెట్‌కు ఎన్ని ఆటలో రాసిపెట్టుకోండి. ఏడాది తర్వాత వాషర్ అరుగుదల తెలిసేది ఆ అంకెతోనే. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి బోల్టులన్నీ బిగించండి. కొత్త బోల్టులు మొదట్లో తప్పక సడలుతాయి.

తిరిగినా నీరు రాకపోతే వాషర్, ఫుట్ వాల్వ్ చూడండి. గాలి ఉన్నా తిరగకపోతే సిలిండర్ పెద్దదో, బ్రేకు పట్టీ రాసుకుంటోందో. చక్రం గాలికి ఎదురు తిరగకపోతే తల కింది తిరుగుడు బేరింగులో గ్రీజు ఎండిపోయింది లేదా టవర్ ఒరిగింది. లయగా కిరకిరమంటే రాడ్డు గైడుకు రాసుకుంటోంది.

తుపాను రోజులు

విశాఖపట్నానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లో కట్టడాల లెక్క కోసం ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. ఆ గాలికి ఎదురుగా ఉన్న 3 మీటర్ల చక్రం మీద టన్నుకు పైగా తోపుడు పడుతుంది. 10 మీటర్ల ఎత్తున ఆ తోపుడు గాలివైపు ఉన్న కాళ్లను ఒక్కోదాన్ని రెండున్నర టన్నులకు పైగా పైకి లాగుతుంది. గాలి మూలగా కొడితే ఒక్క కాలి మీదే మూడున్నర టన్నులు దాటుతుంది. మీరు పోసిన కాంక్రీటు బరువు కాలికి సుమారు 3 టన్నులే. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊరు చూసిన గాలి ఆ స్థాయిదే.

అందుకే అక్టోబరు మొదటివారంలోనే బ్రేకు తీగ, స్ప్రింగు చూసి పెట్టుకోండి. తుపాను హెచ్చరిక కేంద్రం వాయుగుండం అనగానే తోక మడిచి, బ్రేకు వేసి, చక్రాన్ని రెండుచోట్ల టవర్ కాళ్లకు కట్టి, పంపు రాడ్డు విడదీయండి. తీవ్ర తుపాను మనవైపే అని చెబితే, గాలి లేవకముందు, కనీసం ఒక రోజు ముందే రెక్కల భాగాలు దించేయండి. గాలి మొదలయ్యాక, తోక మడవడం మరిచిపోయినా సరే, ఎవరినీ టవర్ ఎక్కించకండి. తుపాను పోయాక మంచినీటితో తలను, బోల్టులను కడిగి, గ్రీజు కొత్తగా పెట్టి, రాడ్డు కలిపేముందు నాలుగు పునాదుల చుట్టూ మట్టి బీటలిచ్చిందేమో చూడండి. బీట కనిపిస్తే ఆ కాలు కదిలింది. తూకం గుండు వేసి తేల్చుకునేదాకా చక్రం విప్పకండి.